కారు తాగే కరెంటు ఎవరి పద్దులో రాయాలి?

"కిలోమీటరుకి అర్ధరూపాయి కూడా పడదండీ!"

ఈ మాట ఈమధ్య మీ చెవిన కూడా పడే వుంటుంది. షోరూములో అబ్బాయి చెప్తాడు. ఆఫీసులో స్నేహితుడు చెప్తాడు. పండక్కి వచ్చిన మరిది చెప్తాడు. ఆఖరికి ఇంటాయన ఓ రాత్రి భోజనం దగ్గర పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "పెట్రోలు కారు అమ్మేసి కరెంటు కారు తీసుకుంటే ఎలా వుంటుందంటావ్?" అని మెల్లిగా కదుపుతారు.

"నాకేం తెలుసు, మీ ఇష్టం" అని చారు గిన్నె అందించి వూరుకోకండి. ఇందులో మనకి తెలియనిదేమీ లేదు. మోటారు ఎలా తిరుగుతుందో తెలియక్కర్లేదు, కరెంటు బిల్లు చదవటం వస్తే చాలు. నెలనెలా రీడింగు తీసే అబ్బాయి చేతిలోంచి ఆ చీటీ అందుకునేది మనమే కదా! గ్యాసు బండ ఎన్ని రోజులొచ్చిందో, ఫ్రిజ్ మార్చాక ఎన్ని యూనిట్లు తగ్గాయో చెప్పగలిగిన వాళ్లం, కారు లెక్క చెప్పలేమా?

ముందు కారు ఎంత తాగుతుందో చూద్దాం. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు వేడిగా వుంటే ఒక యూనిట్టు ఖర్చు. చిన్న కరెంటు కార్లలో 24 యూనిట్లు పట్టే బ్యాటరీ వుందనుకోండి. కంపెనీ కాగితంలో అది 290 కిలోమీటర్ల దాకా నడుస్తుందని వుంటుంది. మన ఎండల్లో, ఏసీ వేసుకుని, సిగ్నళ్ల దగ్గర ఆగుతూ వెళితే 190, 200 వస్తే సంతోషించాలి. పైగా పాలు కాచేటప్పుడు కాస్త ఆవిరైనట్టు, గోడలోంచి కారులోకి వెళ్లేలోపు కొంత కరెంటు వేడిగా పోతుంది. బ్యాటరీలోకి 24 యూనిట్లు చేరాలంటే మన మీటరు 27 దాకా తిరుగుతుంది. అంటే మీటరు మీద ఒక యూనిట్టుకి 7 కిలోమీటర్లు. ఈ 7 అనే అంకె గుర్తుపెట్టుకోండి.

రోజుకి 35 కిలోమీటర్లు తిరిగే కారు నెలకి 1,050 కిలోమీటర్లు తిరుగుతుంది. ఏడుతో భాగిస్తే 150 యూనిట్లు. రోజూ రాత్రి మూడు నాలుగు గంటలపాటు కొత్తగా ఇంకో ఏసీ వేసుకున్నంత అన్నమాట.

ఇప్పుడు అసలు చిక్కు. యూనిట్టు ఎంత?

చాలామంది చేసే లెక్క ఇలా వుంటుంది. పోయిన నెల 210 యూనిట్లకి 927 రూపాయల బిల్లు వచ్చింది, కాబట్టి యూనిట్టు నాలుగున్నర లోపే. 150 యూనిట్లకి 660 రూపాయలు. "అబ్బ, ఎంత చవక!" అంటారు. కానీ ఈ లెక్క తప్పు. కరెంటు రేట్లు బియ్యం రేటులా అన్ని కిలోలకీ ఒకటి కాదు. వాడేకొద్దీ పెరుగుతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90 రూపాయలు. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 76 నుంచి 125 దాకా నాలుగున్నర. 126 నుంచి 225 దాకా 6. 226 నుంచి 400 దాకా 8.75. నాలుగు వందలు దాటితే 9.75.

దీన్ని పెళ్లిలో బంతి భోజనాలలాగా అనుకోండి. మన ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, మిక్సీ, టీవీ... ఇవన్నీ ముందు బంతుల్లోనే కూర్చున్నాయి. చవక రేట్లన్నీ వాటికే అయిపోయాయి. కారు ఆఖరి బంతికి వచ్చిన చుట్టం. దానికి మిగిలింది 6 రూపాయల శ్లాబులో 15 యూనిట్లు, మిగతా 135 యూనిట్లూ 8.75 లోనే. లెక్క వేయండి. 15 యూనిట్లకి 90 రూపాయలు, 135 యూనిట్లకి 1,181 రూపాయలు. మొత్తం 1,271 రూపాయలు. 660 కాదు! దాదాపు రెట్టింపు. 927 వచ్చే బిల్లు కాస్తా 2,198 అవుతుంది. సుంకం, స్థిర ఛార్జీ, ఇంధన సర్దుబాటు లాంటివి నేను ఇందులో కలపలేదు, అవి ఇంకా పైన.

అయితే కరెంటు కారు మోసమా? కాదండీ, అక్కడే ఆగండి. పెట్రోలు లెక్క కూడా చూడాలి కదా. 2025లో ఆంధ్రాలో లీటరు 109 రూపాయలు అటూ ఇటూగా వుంది. చిన్న కారు వూళ్లో ఏసీతో లీటరుకి 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, అదే 1,050 కిలోమీటర్లకి 70 లీటర్లు. 7,630 రూపాయలు! కరెంటుకి 1,271. నెలకి 6,350 రూపాయలు పైగా మిగులు. కిలోమీటరుకి చూస్తే పెట్రోలుకి ఏడుంపావు, కరెంటుకి రూపాయింపావు. అర్ధరూపాయి అన్న మాట నిజం కాదు గానీ, చవక అన్న మాట మాత్రం నిజమే.

మరి ఇంత రాయటం ఎందుకంటారా? ఆ మిగిలిన ఆరు వేలు ఎవరి దగ్గర మిగిలాయి అన్నదే నా ప్రశ్న.

చూడండి, పెట్రోలు డబ్బు ఎప్పుడూ ఆయన జేబులోంచే వెళుతుంది. బంకు దగ్గర ఫోను చూపించి కట్టేస్తారు, మనకి లెక్క కూడా తెలియదు. కరెంటు బిల్లు మాత్రం మనకిచ్చే ఇంటి ఖర్చుల డబ్బులోంచి కట్టాలి. పాలు, కూరలు, పనిమనిషి జీతం, పిల్లల ఆటో, వీటి వరసలో అది. కారు పెట్రోలు నుంచి కరెంటుకి మారిన రోజున ఆ ఖర్చు ఆయన జేబులోంచి దిగి చప్పుడు చేయకుండా మన పోపులపెట్టెలోకి వచ్చి కూర్చుంటుంది. ఆయన జేబులో 7,630 మిగులు. మన పెట్టెలో 1,271 తరుగు. ఇంటికి మొత్తమ్మీద లాభమే, కానీ కూరలు తగ్గించుకోవాల్సింది మాత్రం మనం! సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

ఇది వూహించి రాస్తున్నది కాదు. మా వీధి చివర వుండే ఒక వదినగారి ఇంట్లో వేసవిలో కరెంటు కారు వచ్చింది. ఆ నెల బిల్లు చూసి ఇంటిల్లిపాదీ ఆవిడ మీదే పడ్డారు. "ఏసీ ఎక్కువ వేస్తున్నావు", "వాషింగ్ మిషన్ రోజూ ఎందుకు" అని. పాపం, ఆవిడ గీజరు కట్టేసింది. మధ్యాహ్నం ఏసీ మానేసి అత్తగారికి తడిబట్ట వేసి పడుకోబెట్టింది. రెండో నెలా బిల్లు తగ్గలేదు. అప్పుడు వాళ్ల ఎలక్ట్రీషియను, "అమ్మా, కారు ప్లగ్గుకి విడిగా చిన్న మీటరు పెట్టనా?" అన్నాడు. పెట్టించింది. నెల తిరిగేసరికి ఆ చిన్న మీటరు 146 యూనిట్లు చూపించింది. ఆ అంకె చూశాక ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. ఇప్పుడు వాళ్లింట్లో కారు కరెంటు డబ్బు ప్రతినెలా ఒకటో తారీఖునే విడిగా ఆవిడ చేతికి వస్తుంది. ఏసీ మళ్లీ నడుస్తోంది, అత్తగారు హాయిగా పడుకుంటున్నారు.

అందుకే చెప్తున్నా, కారు కొనకముందే ఆ చిన్న మీటరు సంగతి మాట్లాడుకోండి. దానికయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. అపార్టుమెంటులో వుంటే ఇంకా ముఖ్యం. కింద పార్కింగులో ప్లగ్గు వుంది కదా అని పెట్టేస్తే ఆ కరెంటు అందరి కామన్ మీటరులో పడుతుంది. మెయింటెనెన్స్ మీటింగులో తగువు మొదలవుతుంది. మన ఫ్లాటు మీటరు నుంచి పార్కింగు దాకా వైరు లాగించుకుంటే ఎవరికీ మాట పడక్కర్లేదు. ఇంటి దగ్గర ఛార్జింగు పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 డిసెంబరులోనే చెప్పింది.

తెలంగాణలో వుండే సోదరీమణులు ఇంకో సంగతి గమనించాలి. అక్కడ 200 యూనిట్ల గీత చాలా కీలకం. 2022 రేట్ల ప్రకారం సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే 820 రూపాయలు. 201 కాలిస్తే మొదటి యూనిట్టు నుంచీ రేటు మారిపోయి 1,027 రూపాయలు దాటుతుంది. ఆ ఒక్క యూనిట్టు ఖరీదు 207 రూపాయలన్నమాట!

తెల్లకార్డు వున్నవాళ్లకి 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తోంది కదా. వాళ్లు కారు కొనకపోయినా కరెంటు స్కూటరు కొంటున్నారు. స్కూటరు పాపం ఎక్కువ తాగదు, యూనిట్టుకి 30 కిలోమీటర్లు తేలిగ్గా వస్తాయి. రోజుకి 25 కిలోమీటర్లు తిరిగితే నెలకి 25 యూనిట్లే. కానీ మీ ఇల్లు ఇప్పటికే 185 దగ్గర వుందనుకోండి. మొత్తం 210 అయి, సున్నా బిల్లు ఎగిరిపోయి, 1,097 రూపాయలు కట్టాల్సి వస్తుంది. అదే దూరానికి పెట్రోలు స్కూటరైతే లీటరుకి 45 కిలోమీటర్ల చొప్పున, లీటరు 107 రూపాయల లెక్కన, 1,780 అయ్యేది. అప్పటికీ కొంత మిగిలింది గానీ, మొత్తం మిగిలిపోతుందనుకున్నది సగం కూడా మిగల్లేదు చూశారా? ఇలాంటి ఇళ్లలో ఇరవయ్యో రోజున మీటరు ఒకసారి చూసుకుని, ఆఖరి పది రోజులూ గీజరు, ఇస్త్రీ కాస్త చూసి వాడుకుంటే గీత దాటకుండా బయటపడొచ్చు. ఈ పని చేయగలిగింది ఇంట్లో వుండే మనమే.

ఇక బయట ఛార్జింగు సంగతి. రోడ్డు పక్కన వేగంగా ఎక్కించే ఛార్జర్ల దగ్గర యూనిట్టు 18 నుంచి 25 రూపాయల దాకా వుంటుంది. అందులో 18 శాతం జీఎస్టీ కూడా కలిసి వుంటుంది. 22 అనుకుంటే మన 150 యూనిట్లు 3,300 రూపాయలు. పెట్రోలు కంటే సగం లోపే, కానీ ఇంట్లో పెట్టుకున్న దానికి రెండున్నర రెట్లు. హైవే మీద వేగంగా వెళితే కరెంటు కారు ఎక్కువ తాగుతుంది, పెట్రోలు కారు తక్కువ తాగుతుంది. కాబట్టి తిరుపతికో శ్రీశైలానికో వెళ్లినప్పుడు పెద్దగా మిగలదు. ఇంటి దగ్గర ప్లగ్గు పెట్టుకునే వీలు లేని వాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఇప్పుడు అందరికంటే పెద్ద ఖర్చు. చిన్న కార్లలో పెట్రోలు దానికీ, కరెంటు దానికీ మధ్య ధరలో మూడు లక్షలు అటూ ఇటూగా తేడా వుంటోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కరెంటు కార్ల మీద ముందు నుంచీ 5 శాతమే కాబట్టి వాటికి తగ్గలేదు. అంటే తేడా కాస్త పెరిగిందనే చెప్పాలి.

ఆ మూడు లక్షలూ అప్పు చేస్తే, 9 శాతం వడ్డీకి ఐదేళ్ల పాటు నెలకి 6,230 రూపాయల దాకా కిస్తీ పడుతుంది. మనకి నెలకి మిగిలేది ఎంత? 6,350. చూశారా, సరిగ్గా కిస్తీకి సరిపోయింది! అంటే రోజుకి 35 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో కూడా మొదటి ఐదేళ్లు చేతికొచ్చేది ఏమీ వుండదు. ఆ తర్వాతే లాభం. బ్యాటరీకి చాలా కంపెనీలు 8 ఏళ్ల వారంటీ ఇస్తున్నాయి కాబట్టి, ఐదో ఏడు దాటాక మూడేళ్ల పాటు ధైర్యంగా మిగుల్చుకోవచ్చు.

అదే కారు ఆదివారం గుడికీ, నెలకోసారి పుట్టింటికీ మాత్రమే బయటికి తీస్తారనుకోండి. నెలకి 300 కిలోమీటర్లు. పెట్రోలు 20 లీటర్లు, 2,180 రూపాయలు. కరెంటు 43 యూనిట్లు, 335 రూపాయలు. మిగిలేది 1,845. ఎక్కువ పెట్టిన మూడు లక్షలు, వడ్డీ లేకుండా చూసినా, తిరిగి రావటానికి పదమూడేళ్లు దాటుతుంది. అలాంటి ఇంటికి ఖర్చు తగ్గుతుందని చెప్పి కరెంటు కారు కొనటం దండగ. పొగ రాదు, చప్పుడు వుండదు, నడపటం తేలిక అని కొంటే అది వేరే సంగతి, కాదనను.

కొత్త పద్ధతి ఇంకోటి వచ్చింది. 2024లో ఒక కంపెనీ బ్యాటరీని అద్దెకిచ్చి కారు ధర తగ్గించి అమ్మటం మొదలుపెట్టింది. ధర తక్కువగా కనపడుతుంది గానీ, కిలోమీటరుకి ఇంత అని బ్యాటరీ అద్దె కట్టాలి. అప్పట్లో ఒక కారుకి రెండున్నర, ఇంకో కారుకి మూడున్నర రూపాయలు పెట్టారు. మన రూపాయింపావుకి దాన్ని కలిపి చూసుకోవాలి. షోరూము అబ్బాయి కరెంటు ఖర్చు ఒక్కటే చెప్తే, "బ్యాటరీ అద్దె ఎంత బాబూ?" అని మీరే అడగండి.

పైసలు మిగుల్చుకోవాలని ప్లగ్గు దగ్గర మాత్రం పొదుపు చేయకండి. గీజరు పావుగంట నడిచి ఆగిపోతుంది, కారు రాత్రంతా ఎనిమిది తొమ్మిది గంటలు ఆగకుండా లాగుతుంది. అందుకని 15 ఆంపియర్ల మంచి ప్లగ్గు, దానికి తగ్గ లావు వైరు, సరైన ఎర్తింగు వుండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలు వద్దు. ఇంటికి తీసుకున్న లోడు సరిపోతుందో లేదో కరెంటాఫీసులో కనుక్కోండి. స్కూటరు బ్యాటరీని పడగ్గదిలో పెట్టి ఛార్జింగు చేయొద్దు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోనూ, విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగు పెట్టిన బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి.

సొంత ఇల్లు, మేడ మీద ఎండ పడే చోటు వున్నవాళ్లకి సోలారు మంచి తోడు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల పలకలకి 78 వేల రూపాయల సబ్సిడీ పెట్టారు. అవి నెలకి 300 యూనిట్ల పైనే ఇస్తాయి. అప్పుడు మనం తప్పించుకునేది ఆఖరి బంతి రేటునే, 8.75 లనే. మేడ మీద ఎండ కారుకి తిండి పెడుతుందన్నమాట.

ఇక లెక్క మీరే వేసుకోండి. కత్తిరించి బీరువా తలుపుకి అంటించుకోండి.

1. నెలకి కారు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో నిజంగా చూసి రాయండి. మీటరు చూడండి, ఆయన చెప్పింది కాదు!

2. దాన్ని 7తో భాగించండి. అవి కారు యూనిట్లు. పెద్ద కారైతే 6తో, స్కూటరైతే 30తో భాగించండి.

3. గడచిన 12 నెలల బిల్లులు తీసి, మామూలు నెలలో ఎన్ని యూనిట్లో, మే నెలలో ఎన్నో రాయండి. వాటి మీద కారు యూనిట్లు కలిపి, ఏ శ్లాబులో పడతాయో చూసి, ఆ రేటుతో గుణించండి. రేట్లు మారుతుంటాయి, మీ తాజా బిల్లులో వున్నవే తీసుకోండి.

4. అదే దూరానికి పెట్రోలు ఖర్చు రాసి, తేడా తీయండి.

5. కారు ధరలో తేడాకి పడే నెల కిస్తీని ఆ తేడా పక్కన పెట్టండి. ఏది పెద్దదో మీకే కనపడుతుంది.

6. ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. కారు కరెంటు డబ్బు నెలనెలా ఎవరు, ఏ తారీఖున, ఎవరి చేతికి ఇస్తారో కారు కొనకముందే తేల్చుకోండి.

ఈ ఆరో మాట అడగటానికి మొహమాటపడతారని నాకు తెలుసు. "ఇంటి డబ్బే కదా, నీదీ నాదీ ఏమిటి?" అంటారు. నిజమే, ఇంటి డబ్బే. అందుకే ఇంటి పద్దులో రాయమంటున్నాం. పెట్రోలు ఎంతయిందో ఎవరూ అడగలేదు కాబట్టి ఆ ఖర్చు ఎన్నాళ్లుగానో ఎవరికీ కనపడలేదు. కరెంటు మీటరు అన్నీ చూపించేస్తుంది. కారు తిన్నదాన్ని కారు పేరునే రాద్దాం. మన వంటింటి పేరున రాయించుకోకుండా వుంటే, ఏసీ వేసుకున్నందుకు మాట పడక్కర్లేదు, మిగిలిన డబ్బుని పిల్ల చదువుకో, పోస్టాఫీసు పుస్తకంలోకో మళ్లించమని నిలబడి అడగొచ్చు.

ఈ రాత్రి భోజనాలయ్యాక పాత బిల్లులు ఓసారి ముందు పెట్టుకుని కూర్చోండి. ఇంటాయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. పెన్సిలు మాత్రం మీ చేతిలోనే వుండాలి సుమండీ!